ఏడ్చిన సాక్షి

గురువారం పొద్దున లేచిన దగ్గర్నుంచి డెల్ఫీన్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి టౌన్‌హాల్లో మీటింగు. ఆ మీటింగులో మోరీన్ లేచి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆ మహాతల్లేమో సోమవారం నుంచి ఫోనెత్తడం లేదు. మామూలుగా అయితే మెసేజి పెట్టిన నిమిషంలో జవాబిచ్చే మనిషి, దానికి తోడు మూడు గుండె బొమ్మలు కూడా పంపే మనిషి. అలాంటిది నాలుగు రోజులుగా ఉలుకూ లేదు, పలుకూ లేదు. డెల్ఫీన్ కాఫీ కలుపుకుంది, తాగడం మర్చిపోయింది, మళ్లీ ఇంకోటి కలుపుకుంది.

సంగతేమిటంటే, ఫెర్రీ రేవుకి పైన, మూతబడిన చర్చి హాస్టలు బడి వెనక కొంత నేల ఉంది. ఆదివాసీ పిల్లల్ని ఇళ్లల్లోంచి పట్టుకుపోయి, వాళ్ల భాష మాట్లాడితే వాతలు తేలేట్టు కొట్టి పెంచిన బడి అది. చచ్చిపోయిన పిల్లల్ని ఆ వెనకే పాతిపెట్టారు. చర్చివాళ్లు కంచె వేసి శిలువలు నాటింది మాత్రం చారెడు చోటుకి. కంచె అవతల తుప్పలు, తుప్పలు దాటితే వాగు, వాగు అవతలి గట్టున ఎప్పుడో నరికేసిన దేవదారు మొద్దు. ఆ మొద్దు పక్కన ఆంబ్రోస్ ఉన్నాడు. ఫిలొమీనా పిన్నికి తమ్ముడు, డెల్ఫీన్‌కి మేనమామ. ఏడేళ్లవాడు. ఇద్దరు మగాళ్లు చిన్న పెట్టె మోసుకుని వాగులో దిగి అవతలికి పోవడం, తొమ్మిదేళ్ల ఫిలొమీనా బట్టలుతికే గది కిటికీలోంచి చూసింది. ఇప్పుడావిడకి డెబ్బై ఆరు.

మూడేళ్ల కిందట అప్పటి మేయర్ హార్వే ప్రిచర్డ్ తనంతట తనే వచ్చి, తెగవాళ్ల సభలు, వేడుకలు జరిగే పెద్దింట్లో, మూడు వందల మంది ఎదుట మట్టి నేల మీద నిలబడి మాటిచ్చాడు. ఆ నేల తిరిగి ఇచ్చేస్తామని. పెద్దింట్లో కాగితం, కలం, కెమెరా ఏవీ పనికిరావు. మాట నిలబడాలంటే నలుగురు సాక్షుల్ని పిలుస్తారు. ఒక్కొక్కరి చేతిలో రెండేసి పావు డాలరు బిళ్లలు పెడతారు. ఆ బిళ్లలు తీసుకున్నవాళ్ల పని ఒకటే. కళ్లు పెట్టి చూడాలి, చెవులు పెట్టి వినాలి, ఎన్నేళ్ల తర్వాత అడిగినా వచ్చి చెప్పాలి. అక్కడ సాక్షులే దస్తావేజులు.

ఇప్పుడు హార్వే మేయర్ కాదు. కొత్త కౌన్సిలు ఆ తుప్పల మీంచి, వాగు మీంచి రేవుకి రోడ్డు వేస్తానంటోంది. మీకు ఇస్తామన్నది కంచె లోపలి శ్మశానమే కదా, దాన్ని మేం ముట్టుకోం అంటున్నారు. తర్వాత టౌన్‌హాల్లో వాళ్లు రాసుకున్న కాగితంలో శ్మశానం అని ఒక్క ముక్కే ఉంది మరి. హార్వేకి ఫోను చేస్తే ఆయన, ఆ రోజు చాలా మాటలు అనుకున్నామమ్మా, అక్షరం అక్షరం గుర్తులేదు అని తప్పించుకున్నాడు. నలుగురు సాక్షుల్లో పెద్దాయన ఏబెల్ పోయిన చలికాలంలో కన్నుమూశాడు. ఇంకొకాయనకి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. మూడో ఆవిడ వచ్చి, వాగు దాటి మొద్దు దాకా అన్నాడు అని పొల్లుపోకుండా చెబితే, ఆవిడ మీ చుట్టమే కదా అన్నారు. మీవాళ్లు కాని సాక్షి ఎవరైనా ఉంటే తీసుకురండి, విని ఓటు పెడతాం అంది కొత్త మేయరమ్మ. చెప్పొద్దూ, ఆ మాటకి డెల్ఫీన్‌కి ఒళ్లు మండిపోయింది. కానీ ఆమె తెగ ఆఫీసులో భూముల వ్యవహారం చూసే మనిషి. ఆ కుర్చీలో కూర్చున్నాక చాలా మింగాలి. మింగి, ఒకావిడ ఉంది అంది.

ఆ ఒకావిడే మోరీన్. బడి లైబ్రరీలో పనిచేసి రిటైరైన తెల్లావిడ. మంచిదే పాపం. ఎక్కడ ఊరేగింపు ఉన్నా, ఆ బడి పిల్లల గుర్తుగా నారింజ రంగు చొక్కా వేసుకుని ముందు వరసలో ఉంటుంది. ఏ మీటింగులో నోరు తెరిచినా, మనం నిలబడ్డ ఈ నేల ఎవరిదో ముందు తలుచుకుందాం అంటూ ఏడు తెగల పేర్లు తడుముకోకుండా చెబుతుంది. ఆవిణ్ణి సాక్షిగా పిలుద్దామని పట్టుబట్టింది డెల్ఫీనే. మన మాటకి అటువైపు నుంచి కూడా ఒకరు నిలబడితే మంచిదే కదా అని వాదించింది. అప్పుడు ఫిలొమీనా పిన్ని ఒకే ఒక్క మాటంది. "ఆవిడ చెవుల నిండా ఆవిడే ఉంటుంది పిల్లా. ఇంకొకరి మాటకి చోటెక్కడ?" అంది. డెల్ఫీన్ వినలేదు. ఇప్పుడా మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

పదింటికి ఇక ఆగలేక ట్రక్కు తీసుకుని మోరీన్ ఇంటికే పోయింది. మూడుసార్లు బెల్లు కొడితే గానీ తలుపు తెరుచుకోలేదు. మోరీన్ కళ్లు వాచి ఉన్నాయి. జ్వరమేమో అనుకుంది డెల్ఫీన్.

హాల్లో గోడ మీద చిన్న అద్దాల ఫ్రేము ఉంది. లోపల నారింజ రంగు గుడ్డ మీద రెండు పావు డాలరు బిళ్లలు. పెద్దింటి బిళ్లలు! తిరిగి వచ్చి చెప్పడానికి ఇచ్చిన వాటికి అద్దం బిగించి గోడకి తగిలించింది మనిషి. పిన్ని గానీ చూస్తే ఏమంటుందో తలుచుకుని డెల్ఫీన్ చూపు తిప్పుకుంది.

టీ పెడతానంది మోరీన్. వద్దండి, రెండింటికి ఏం చెబుతారో ఒక్కసారి నాకు చెప్పండి చాలు, వింటాను అంది డెల్ఫీన్. మోరీన్ మొదలుపెట్టింది. పెద్దింట్లో పొగ వాసన, డప్పుల మోత, ఆ మోత తన ఎముకల్లోకి ఎలా దిగిందో, తన తాతముత్తాతలు చేసిన పాపమంతా ఆ క్షణంలో తన మీద ఎలా పడిందో. మూడేళ్లుగా క్లబ్బుల్లో, చర్చిల్లో ఈ కథ చెబుతూనే ఉంది గనక మాటలు నున్నగా వస్తున్నాయి. డెల్ఫీన్ కాసేపు ఓపిక పట్టింది.

"అది కాదండీ మోరీన్ గారూ. హార్వే ఏమన్నాడు? ఎక్కడిదాకా అన్నాడు?"

మోరీన్ కుర్చీలో కూలబడింది. 

"నాకు తెలీదు," అంది.

తెలీకపోవడం ఏమిటి, మూడో సాక్షికి రెండడుగుల దూరంలో కూర్చున్నారు కదా అంది డెల్ఫీన్. అప్పుడు బయటపడింది అసలు విషయం. హార్వే లేచి, ఇక్కడ చచ్చిపోయిన పిల్లలు అనగానే మోరీన్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. తల మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చింది. ఎవరో ముసలావిడ వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ముక్కు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చింది. తేరుకుని తలెత్తేసరికి అందరూ చేతులెత్తి హార్వేకి కృతజ్ఞత చెబుతున్నారు. ఒక్క మాట చెవిన పడలేదు. ఆ తర్వాత ఎవర్నైనా అడుగుదామంటే సిగ్గు. అడిగితే మంచి మనిషి కాదనుకుంటారేమోనని భయం.

డెల్ఫీన్ గోడ మీది బిళ్లల వైపు చూసింది. కొంప మునిగింది. మూడు వందల మందిలో ఎవరినైనా పిలవొచ్చు, ఏరికోరి ఈవిణ్ణి పిలిచింది తను. ఇప్పుడు ఆంబ్రోస్ మీంచి లారీలు పోతాయి.

మోరీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు డెల్ఫీన్. ఏం చెప్పాలో నువ్వే చెప్పు. కామా కూడా మార్చకుండా అదే చెబుతాను. మీ కోసం ఆ మాత్రం చెయ్యలేనా?"

మాట నాలుక చివర ఉంది. వాగు దాటి, దేవదారు మొద్దు దాకా. అయిదు మాటలు. నిజానికి ఆ పూట డెల్ఫీన్ కూడా పెద్దింటి లోపల లేదు, వెనక వంటపాకలో సాల్మన్ చేపలు కాలుస్తోంది. ఏబెల్ బయటికొచ్చి చెబితే తెలిసింది. అయినా అది నిజమే కదా. నిజాన్ని ఈవిడ నోట్లో పెడితే తప్పేమిటి? ఎవరికి తెలుస్తుంది?

చెప్పేసేదే. కానీ అప్పుడే పిన్ని ఎన్నోసార్లు చెప్పిన సంగతొకటి గొంతుకి అడ్డం పడింది. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు రోజు సిస్టర్లు పిల్లల్ని వరసలో నిలబెట్టి వల్లె వేయించేవాళ్లట. మాకు కడుపు నిండా అన్నం పెడతారండి. మమ్మల్ని కొట్టరండి. మర్నాడు పిల్లలు అదే అప్పజెప్పేవాళ్లు, వెనకాల సిస్టరు నిలబడి ఉండేది. ఇన్‌స్పెక్టరు అది రాసుకుని పోయేవాడు. ఆంబ్రోస్ చనిపోయిన వారంలో కూడా అలాగే రాసుకుని పోయాడట.

డెల్ఫీన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నేను చెప్పను. మీరు చూసిందే చెప్పండి. ఏమీ చూడకపోతే, చూడలేదనే చెప్పండి."

మోరీన్ మళ్లీ ఏడుపు అందుకుంది. డెల్ఫీన్ ఓదార్చకుండా బయటికి వచ్చేసింది. ట్రక్కు తలుపు ధడాలున వేసుకుంది. ఎంత తెలివితక్కువ పని చేశాను, అయిదు మాటల కోసం నీతి గుర్తొచ్చిందా అని తనని తానే తిట్టుకుంది. వెనక్కిపోదామని రెండుసార్లు తాళం తిప్పింది, రెండుసార్లూ ఆపేసింది.

పన్నెండున్నరకి పిన్నిని ఎక్కించుకుంది. ఫిలొమీనా పిన్ని వేడుకలకి కప్పుకునే మంచి దుప్పటి భుజాన వేసుకుని, వేపుడు రొట్టె పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాచి ప్రయోజనం లేదు గనక డెల్ఫీన్ రోడ్డు మీదే చూపు నిలిపి జరిగినదంతా చెప్పేసింది. చూశావా, నేను అప్పుడే చెప్పాను అంటుందని ఎదురుచూసింది. పిన్ని అనలేదు. ఒక మైలు పోయాక మాత్రం మెల్లగా అంది.

"ఆ ముక్కు తుడిచిన ముసలావిడ నేనే."

డెల్ఫీన్ బండి పక్కకి తీసి ఆపింది.

ఎవరో వచ్చి, ఫిలొమీనా, ఆ తెల్లావిడ పడిపోయేట్టుంది, కాస్త చూడు అన్నారట. వెళ్లిందట. ఏడవకమ్మా, ఊరుకో అని వీపు నిమురుతూ కూర్చుందట. మళ్లీ తలెత్తేసరికి హార్వే మాట్లాడడం అయిపోయిందట.

"మూడేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పలేదేం పిన్నీ?"

"ఏమని చెప్పను? అరవై ఏళ్లు ఎదురుచూసి, తీరా వాళ్లు నా తమ్ముడి గురించి నోరు విప్పితే, ఆ పూట ఇంకొకరి ముక్కు తుడుస్తూ కూర్చున్నానని చెప్పుకోనా? అందరూ విన్నారు. నేను వినలేదు." ఆవిడ రొట్టె పొట్లం ముడి విప్పి మళ్లీ బిగించింది. "పద, బండి తియ్యి. ఆలస్యమైతే దానికీ మననే అంటారు."

హాలు నిండిపోయి ఉంది. హార్వే ప్రిచర్డ్ ఆఖరి వరసలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఎవరి కళ్లల్లోకీ చూడకుండా కూర్చున్నాడు. రెండయింది. రెండుంపావు అయింది. మోరీన్ లేదు. రోడ్డు మ్యాపు తెర మీద వేసి ఇంజనీరు ఎర్ర గీత చూపిస్తున్నాడు. ఆ గీత కంచెని గౌరవంగా తప్పుకుని, నేరుగా మొద్దు మీంచి పోతోంది. తలుపు వైపు చూసి చూసి డెల్ఫీన్‌కి మెడ పట్టేసింది.  రాదు, ఊరు వదిలి పోయి ఉంటుంది అనుకుంది. మీ సాక్షి వచ్చారా అని మేయరమ్మ రెండోసారి అడిగింది. వస్తారండి అంది డెల్ఫీన్, ఆ మాట తనకే అబద్ధంలా వినిపించింది.

సరిగ్గా ఓటు అనబోతుండగా తలుపు తీసుకుని మోరీన్ వచ్చింది. ఈసారి నారింజ చొక్కా లేదు. పాత గోధుమరంగు కోటు, చెదిరిన జుట్టు. నడుస్తుంటే బూట్లు కిచుకిచుమంటున్నాయి. మైకు ముందు నిలబడి, నేల ఎవరిదో తలుచుకునే ఆ ఏడు పేర్ల పాఠం కూడా చదవలేదు. గుప్పిట గట్టిగా మూసి ఉంది.

"నేను పెద్దింట్లో సాక్షిని," అంది. "నాకిచ్చిన పని నేను చెయ్యలేదు. అప్పటి మేయర్ గారు మాట్లాడుతున్నంత సేపూ ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన ఎక్కడిదాకా అన్నారో నేను వినలేదు."

హాలంతా గుసగుసలు లేచాయి. ఒక కౌన్సిలరు నవ్వు దాచుకోవడానికి కాగితాలు సర్దాడు. డెల్ఫీన్ కళ్లు మూసుకుంది. అయిపోయింది, అంతా అయిపోయింది, నేనే చేశాను అనుకుంది. అంతేనా అండీ అని అడిగింది మేయరమ్మ, కాస్త జాలిగానే.

"అంతే కాదు. తల వంచుకుని ఉన్నాను గనక నాకు నేల కనిపించింది. మేయర్ గారి కాళ్లు కనిపించాయి. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. నీళ్లు కారి మట్టి నేల మీద చిన్న మడుగైంది. బూటుకి నాచు అంటుకుని ఉంది. ఆ రోజు వాన లేదు, ఎండ కాసింది. ఈ సంగతి మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా గురించి కాదు కదా, చెప్పాలని తోచలేదు. ఇప్పుడే బడి వెనక్కి పోయి వస్తున్నాను. కంచెదాకా సిమెంటు బాట ఉంది. శ్మశానం చూసి రావడానికి ఎవరి కాళ్లూ తడవక్కర్లేదు. అవతలి మొద్దు దగ్గరికి పోవాలంటే మాత్రం వాగులో దిగాల్సిందే. నేను దిగాను."

అప్పుడు చూశారు అందరూ. తలుపు దగ్గర్నుంచి మైకుదాకా తివాచీ మీద తడి అడుగులు. కోటు కింద మోరీన్ ప్యాంటు మోకాళ్ల దాకా నల్లగా తడిసి ఉంది.

కాగితాలు సర్దుతున్న కౌన్సిలరు చేతులు ఆగిపోయాయి. జనమంతా మెల్లగా వెనక్కి తిరిగారు. హార్వే తన కాళ్ల వైపే చూసుకుంటున్నాడు. టోపీ చేత్తో పట్టుకుని, తన ముందున్న కుర్చీ మీద చెయ్యి ఆన్చి లేచాడు.

ఆయన లేవగానే మోరీన్ పక్కకి తప్పుకుంది. మైకు దగ్గర్నుంచి వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో, ఫిలొమీనా పిన్ని పక్కనే కూలబడింది. కళ్లు నిండిపోయాయి, తల వాలిపోతోంది. పిన్ని టక్కున ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఈసారి నిమరలేదు, గట్టిగా పట్టుకుంది.

"ఏడవకు," అంది లోగొంతుకతో. "పోయినసారి నీ వల్ల నేనూ వినలేదు. ఇప్పుడు ఇద్దరం విందాం."

మోరీన్ ఆవిడ ముఖంలోకి చూసింది. అప్పుడర్థమైంది ఆ రోజు తన పక్కన కూర్చున్నది ఎవరో. ఊపిరి బిగబట్టి తలెత్తింది.

"ఆ నీళ్లు బాగా చల్లగా ఉన్నాయి," అన్నాడు హార్వే. "ఏబెల్ చెయ్యి పట్టుకుని దాటించాడు. గుర్తులేదన్నది అబద్ధం. నాకు గుర్తుంది. కొత్తవాళ్లతో గొడవెందుకులే అనుకున్నాను. ఆ రోజు నేనన్నది ఇదీ. కంచె దగ్గర్నుంచి వాగు దాటి, దేవదారు మొద్దు దాకా, ఈ నేల మీ పిల్లలది. దీన్ని ఎవరూ తవ్వరు. మీది మీకు తిరిగి ఇస్తాం."

ఆ పూట ఓటు జరగలేదు. ఎర్ర గీత తెర మీంచి తీసేశారు. రోడ్డుకి వేరే దారి చూడమని ఇంజనీరుకి చెప్పి, నేల అప్పగించే కాగితాలు వచ్చే నెలకల్లా తయారుచేయమంది మేయరమ్మ. వచ్చే నెల అంటే ఎన్ని నెలలో డెల్ఫీన్‌కి తెలుసు. అయినా కలం తీసి, తేదీ వేసి రాసుకుంది.

బయట మెట్ల మీద ముగ్గురూ నిలబడ్డారు. మోరీన్ గుప్పిట విప్పింది. రెండు పావు డాలరు బిళ్లలు. ఫ్రేము పగలగొట్టి తీసినట్టుంది, వేలికి చిన్న గాటు కూడా పడింది. ఇవి నాకు తగవండి, తీసేసుకోండి అంది పిన్నితో.

పిన్ని తీసుకోలేదు. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే మడిచి గుప్పిట మూసింది.

"ఇప్పుడేగా పని మొదలుపెట్టావు. అప్పుడే ఇచ్చేస్తావా?" అంది. ఆ తర్వాత రేవు వైపు తిరిగి, తనలో తాను అన్నట్టు అడిగింది. "ఏమన్నాడు?"

మోరీన్ గొంతు సవరించుకుంది. "కంచె దగ్గర్నుంచి వాగు దాటి, దేవదారు మొద్దు దాకా, ఈ నేల మీ పిల్లలది. దీన్ని ఎవరూ తవ్వరు. మీది మీకు తిరిగి ఇస్తాం."

ఫిలొమీనా పిన్ని కళ్లు మూసుకుని వింది.

"ఇంకోసారి చెప్పు," అంది.